స్టీవ్ ఫాసెట్ ఎవరికైనా గుర్తున్నాడా?

గాలిమర:
ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా భూమి చుట్టూ విమానం నడిపింది ఎవరు నాన్నా అని మావాడు అడిగితే స్టీవ్ ఫాసెట్ అని టక్కున చెప్పేశాను. మరి ఎలా పోయాడు అన్నాడు, దానికి నా దగ్గర సరైన జవాబు లేదు. 2005లో గ్లోబల్ ఫ్లయర్‌లో 67 గంటలు దిగకుండా తిరిగొచ్చిన మనిషి, 2007 సెప్టెంబరు 3న నెవాడాలో ఓ రెండు సీట్ల చిన్న విమానం తీసుకుని పొద్దున్నే అలా ఓ చుట్టు కొట్టొస్తానని వెళ్లి మళ్లీ రాలేదు. అంత అనుభవం ఉన్నవాడికి అలా ఎలా జరిగింది? పైగా షేర్ మార్కెట్ డబ్బుతో రికార్డులు కొనుక్కున్నాడని మా ఆఫీసులో ఒకాయన వెటకారం.

పాతరేడియో:
డబ్బు లేనిదే ఆ పనులు కావు, ఒప్పుకుంటాను. కానీ 1985లో ఇంగ్లిష్ ఛానల్ ఈదడానికి ఆయనకి 22 గంటలు పట్టింది, ఆ చలినీళ్లలో చెక్‌బుక్ ఏం పనికొస్తుంది చెప్పండి. బెలూన్‌లో ఒంటరిగా ప్రపంచం చుట్టింది 2002లో, అదీ ఆరోసారికి. 1998లో అయితే కోరల్ సముద్రం మీద ఉరుముల మేఘంలో బెలూన్ చిరిగి 29 వేల అడుగుల ఎత్తునుంచి నీళ్లలో పడ్డాడు. మనవాళ్లకి తెలియని ముచ్చట ఇంకోటుంది: 1997 జనవరిలో అమెరికా సెయింట్ లూయిస్‌లో ఎగిరినవాడు, లిబియా మొదట దారివ్వకపోవడంతో ఇంధనం చాలక, మన యూపీలో సుల్తాన్‌పూర్ దగ్గర దిగాడు!

స్పానర్‌బాబాయ్:
ఎలా జరిగిందో నేను చెప్తా. లడఖ్‌లో కనుమ ఎక్కుతుంటే నా బండి ఫస్ట్ గేర్‌లో కూడా దగ్గుతూ, నేను దిగి తోస్తే తప్ప కదల్లేదు. గాలి పలచబడితే ఇంజన్‌కి ఊపిరాడదు, విమానానికైతే రెక్కలకీ పట్టు తగ్గుతుంది. ఆయన తీసుకెళ్లిన సూపర్ డెకాథ్లాన్ గిరికీలు కొట్టడానికి భలే విమానమే గానీ, సియెరా నెవాడా కొండల్లో 10 వేల అడుగుల పైన దానికి పైకెక్కే శక్తి పెద్దగా మిగలదు. శిఖరం దాటిన గాలి అవతలివైపు జలపాతంలా కిందికి దూకుతుంది. విమానం ఎక్కే వేగంకన్నా ఆ గాలి లాగే వేగం ఎక్కువైందని దర్యాప్తులో తేల్చారు. విచిత్రం ఏంటంటే, సరిగ్గా ఏడాది ముందు అర్జెంటీనాలో ఇంకో పైలట్‌తో కలిసి, ఇంజనే లేని గ్లైడర్‌ని 50 వేల అడుగులు దాటించింది ఇలాంటి కొండగాలి మీదే. అక్కడ పైకి లేచే భాగం పట్టుకున్నాడు, ఇక్కడ కిందికి దిగేదాంట్లో దొరికిపోయాడు.

రాత్రిపక్షి:
అప్పట్లో శాటిలైట్ ఫొటోలు ముక్కలుముక్కలుగా నెట్‌లో పెట్టి జనాన్ని వెతకమన్నారు, గుర్తుందా? నేను హాస్టల్లో ఎగ్జామ్స్ టెన్షన్ పక్కనపెట్టి రెండు రాత్రులు కూర్చున్నా. అన్నీ బూడిదరంగు రాళ్లే. కాస్త తెల్లగా ఏది కనిపించినా రెక్కే అనిపించి గుండె దడదడలాడేది, దగ్గరికి జరిపితే బండరాయి. ఆ గాలింపులో ఎప్పుడో కూలిన వేరే విమానాల శకలాలు దొరికాయి గానీ ఈయనది దొరకలేదు. ఏడాది తర్వాత, 2008లో, కాలిఫోర్నియా మామత్ లేక్స్ దగ్గర కొండల్లో నడుస్తున్న ఒకాయనకి ఫాసెట్ పైలట్ కార్డులు, కాసిని డాలర్ నోట్లు దొరికాయి, ఆ ఆధారంతోనే శకలాలు కనిపెట్టారు.

గాలిమర:
బాబాయ్, మీ లడఖ్ బండి కథతోనే మావాడికి అర్థమైంది, థాంక్స్. ఇప్పుడు మ్యాప్ తెరిచి సుల్తాన్‌పూర్ ఎక్కడుందో వెతుకుతున్నాడు, ఆ బెలూన్ దిగిన పొలం చూడాలట.