మిర్యాలగూడల పది కంప్యూటర్లు కలిపి ఆడుదమంటే ఏమేం కావాలె?

మిర్యాలగూడ పోరడు:
దసరాకు దోస్తులందరు ఊరికొస్తున్నరు. మా మేనమామ బియ్యం దుకాణం మీది హాల్ల పది సిస్టంలు పెట్టి కౌంటర్ స్ట్రైక్ 1.6, ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 ఆడాలని ఉన్నది. వైఫై సరిపోతదా?

నల్లగొండ అన్న:
తమ్మీ, వైఫై జోలికి పోకు, ఇంటర్నెట్ కూడా అక్కర లేదు. సిస్టంలన్నిటిని వైర్లతోని కలిపే డబ్బా, అంటే 16 పోర్టుల గిగాబిట్ నెట్‌వర్క్ స్విచ్ ఒకటి, మనిషికో క్యాట్ 5ఇ నెట్‌వర్క్ కేబుల్ చాలు. ఐపీలు, అంటే నెట్‌వర్క్‌ల ఒక్కో సిస్టంకు ఉండే నంబర్లు, చేత్తో ఇయ్యి, 192.168.1.11 నుంచి వరుసగా. కౌంటర్ స్ట్రైక్ ఆటను నడిపే సర్వర్ మిగిలినోళ్లకు కనబడకుంటే, అది ఉన్న సిస్టంల ఫైర్‌వాల్ (బయటి కనెక్షన్లను ఆపేది) చూడు, అండ్ల 27015 యూడీపీ పోర్టు, అంటే ఆట డేటా వచ్చే దారి, తెరిచి ఉండాలె.

అసలు సంగతి కరెంటు. సిస్టం, మానిటర్ కలిపి 300 వాట్లు అనుకో, పదింటికి 3000. అంటే 230 వోల్టుల మీద 13 ఆంపియర్లు. గోడకున్న 6 ఆంపియర్ల సాకెట్‌కు ఎక్స్‌టెన్షన్ మీద ఎక్స్‌టెన్షన్ తగిలిస్తే వైరు కాలుతది. కింద బియ్యం బస్తాలున్నయి, యాది పెట్టుకో! ముందుగాల ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మూడు వేరే లైన్లు ఇప్పించు. కూలర్లకు ఆ లైన్ల కరెంటు ఇయ్యకు.

పాలమూరు అక్క:
ఎంపైర్స్‌ల ఒక ఆటకు ఎనిమిది మందే పడుతరు, ఇద్దరిని మార్చుకుంట ఆడుండ్రి. అందరి దగ్గర ఒకటే వెర్షన్ ఉన్నదా ముందే చూసుకో, లేకుంటే పొద్దంత కాపీలు చేసుడే అయితది. చెల్లెండ్లను గూడ పిలువు తమ్మీ. ఆడొస్తదా అని అడగకుండ మౌస్ చేతికియ్యి.

మిర్యాలగూడ పోరడు:
సరే అక్కా, మా చెల్లెకు ఇప్పుడే చెప్పిన. అన్నా, స్విచ్ కిరాయికి దొరుకుతదా, కొనాల్నా?

నల్లగొండ అన్న:
కొనకు, నాది తీస్కపో.