'కలా' అన్న మాట, మా బర్మా క్యాంపు అమ్మమ్మ

మాది వైజాగ్ కంచరపాలెంలో, బర్మా నుంచి వచ్చేసినవాళ్లు ఉండే బర్మా క్యాంపు. మొన్న ఆర్కే బీచ్‌లో ఎవరో తీసిన వీడియో చూస్తున్నాను. ఇక్కడ చదువుకుంటున్న మణిపూర్ అమ్మాయి వచ్చీరాని తెలుగులో మురీ మిక్చర్ అడుగుతోంది, "కారం తక్కువ, ఉల్లిపాయ ఎక్కువ" అని. ఎంత ముచ్చటగా ఉందో. కింద కామెంట్లు చూస్తే "చింకీ", "చైనాకి పో". పక్కనే ఉన్న అమ్మమ్మ "చింకీ అంటే ఏటే?" అంది. కళ్లు చిన్నగా ఉంటాయని ఈశాన్య రాష్ట్రాల వాళ్లని అలా వెక్కిరిస్తారని చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అయితే మమ్మల్ని కలా అన్నట్టే కదేటి" అంది.

ఆ మాట గురించే ఈ పోస్టు. 'కలా' అంటే బర్మాలో మొదట పడమటి నుంచి వచ్చినవాడని. తెల్లవాళ్లని కూడా 'కలా ఫ్యూ' అనేవారు. రానురాను అది భారతీయులకీ, ముస్లింలకీ తిట్టుగా మిగిలింది. మన తెలుగువాళ్లకి ఇంకో పేరుండేది, 'కోరంగీలు' అని. కాకినాడ దగ్గర కోరంగి రేవులో ఓడ ఎక్కి వెళ్లినందుకు మన ఊరి పేరు అక్కడ కూలివాడి పేరైపోయింది. 1930 మే నెలలో రంగూన్ రేవులో పని దగ్గర మొదలైన గొడవలో తెలుగు కూలీలని వెంటాడి చంపారు.

1960లలో అక్కడి సర్కారు దుకాణాలన్నీ జాతీయం చేశాక అమ్మమ్మ వాళ్లు ఓడలో వైజాగ్ వచ్చారు. ఇక్కడి కాగితాల్లో వాళ్లు 'కాందిశీకులు'. 'కాం దిశం', అంటే ఏ దిక్కుకి పోను అన్న ప్రశ్న లోంచి పుట్టిన మాట అది. అమరకోశంలో 'కాందిశీకో భయద్రుతః' అని ఉంది, భయంతో పరుగెత్తినవాడని. అమ్మమ్మకి చదివి వినిపిస్తే, "సరిగ్గానే పెట్టారు" అంది.

వ్యాఖ్య: ఇలాంటి మాటలు కనబడగానే వాటంతటవే చెరిగిపోయేలా పెడితే సరిపోతుంది కదండీ?

జవాబు: 'కలా' విషయంలో అదే చేసి చూశారండీ. 2017లో ఫేస్‌బుక్ ఆ మాటున్న పోస్టులు తీసేయడం మొదలుపెట్టింది. బర్మీస్‌లో పప్పుని 'కలా పే' అంటారు, కుర్చీని 'కలా తైన్' అంటారు. పప్పు గురించి రాసుకున్నవాళ్ల పోస్టులూ పోయాయి. బర్మాలోని రోహింగ్యా ముస్లింలని కుక్కలు, పురుగులు అన్న పోస్టులు మాత్రం 2018లో కూడా అలాగే ఉన్నాయి. 2015 మొదట్లో ఆ పోస్టులు పరిశీలించేవాళ్లలో బర్మీస్ వచ్చినవాళ్లు ఇద్దరే ఇద్దరు. 2017 ఆగస్టు తర్వాత సైన్యం దాడులకి ఏడు లక్షల మందికి పైగా రోహింగ్యాలు బంగ్లాదేశ్‌కి పారిపోయారు. చేయాల్సినంత చేయలేదని ఫేస్‌బుక్కే మరుసటి ఏడాది ఒప్పుకుంది. తిట్టు ఎక్కడుందో అక్షరాలు చూస్తే తెలీదండీ, ఆ భాషలో పెరిగినవాళ్లు చదవాలి.

వ్యాఖ్య: మాది పాడేరు వైపు. మేం ఇంట్లో 'మనం కొండోళ్లం' అనే చెప్పుకుంటాం, అందులో బాధేం లేదు. వైజాగ్‌లో అద్దె గది కోసం వెళ్తే లోపల్నుంచి "ఎవరూ, కొండోళ్లా?" అని వినపడింది. గది ఖాళీ లేదన్నారు. బయట టులెట్ బోర్డు అలాగే ఉంది.

జవాబు: తమ్ముడూ, నువ్వు రాసింది అమ్మమ్మకి చదివి వినిపించాను. ఆ మాటలోని 'కొండ'ని యంత్రానికిచ్చి వెతకమంటే ఏడుకొండలవాడికి మొక్కుకున్న పోస్టులూ పట్టుకొస్తుంది. "ఎవరూ" అని సాగదీసిన గొంతు మాత్రం దానికి దొరకదు. అమ్మమ్మ నిన్ను ఒకటి అడగమంది: గది దొరికిందా? మా వీధిలో ఒకటి ఖాళీగా ఉందట.