రొమ్ము క్యాన్సర్‌కి బయోసిమిలర్ ట్రాస్టుజుమాబ్ నమ్మొచ్చా?

గుంటూరు_అమ్మాయి:
మా పెద్దమ్మకి హెర్‌2 పాజిటివ్ (కణాల మీద హెర్‌2 అనే ప్రోటీన్ ఎక్కువగా ఉండే రకం) రొమ్ము క్యాన్సర్. సర్జరీ అయిపోయింది. ఆ హెర్‌2ని పట్టుకునే ట్రాస్టుజుమాబ్ అనే మందు మూడు వారాలకోసారి చొప్పున ఏడాదిపాటు ఎక్కించాలన్నారు. డాక్టర్ గారు రోష్ కంపెనీ ఒరిజినల్ బ్రాండ్ హెర్సెప్టిన్ కాకుండా, దాన్ని పోలి ఉండేలా ఇండియన్ కంపెనీ చేసిన మందు (బయోసిమిలర్) రాశారు. మా అన్నయ్యేమో పొలం అమ్మైనా ఒరిజినలే కొందామంటున్నాడు. ఇంట్లో రోజూ ఇదే గొడవ. తెలిసినవాళ్లు చెప్పండి.

ఓరుగల్లు_శ్రీను:
మీ అన్నయ్య మాటే నాదీనండి. పారాసెటమాల్ ఎవరు చేసినా ఒకటే, ఇది అలా కాదు. ఈ మందు యాంటీబాడీ అనే ప్రోటీన్, దీన్ని చైనీస్ హ్యామ్‌స్టర్ కణాల్లో పెంచి తీస్తారు. రోష్ వాడే కణాలు, పద్ధతి ఇంకో కంపెనీకి దొరకవు. అచ్చుగుద్దినట్టు ఎలా వస్తుంది? పైగా మన దేశంలో బయోసిమిలర్లకి ప్రత్యేక మార్గదర్శకాలు వచ్చిందే 2012లో. రిటుక్సిమాబ్ అనే ఇంకో క్యాన్సర్ మందుకి డాక్టర్ రెడ్డీస్ కంపెనీ చేసిన బయోసిమిలర్ రెడిటక్స్ అప్పటికి అయిదేళ్ల ముందే, 2007లో, మార్కెట్‌లో ఉంది. ముందు అమ్మకాలు, తర్వాత నిబంధనలు. ఎలా నమ్మమంటారు?

బాచుపల్లి_బయోటెక్:
శ్రీను గారూ, అచ్చుగుద్దినట్టు ఉండదన్నది నిజమే. అదే కొలత హెర్సెప్టిన్‌కీ పెట్టండి మరి. శాంసంగ్ బయోఎపిస్ వాళ్లు తమ బయోసిమిలర్ తయారీ కోసం ఏళ్ల తరబడి హెర్సెప్టిన్ బ్యాచ్‌లు కొని పరీక్షించారు. కొన్ని బ్యాచ్‌లలో ప్రోటీన్‌కి అంటుకుని ఉండే చక్కెర గొలుసులు మారిపోయి, క్యాన్సర్ కణం మీదికి మన రోగనిరోధక కణాలని రప్పించే శక్తి తగ్గినట్టు తేలింది. 2017లో ఆ వివరాలు ప్రచురించారు కూడా. ఒరిజినల్ అంటే మార్పులేనిదని అనుకోవడం సరికాదు.

ఇక మన బెంగళూరు బయోకాన్, మైలాన్ కలిసి చేసిన మందు సంగతి. హెరిటేజ్ అనే ట్రయల్‌లో దాన్ని నేరుగా హెర్సెప్టిన్‌తో పోల్చారు. రెండు వర్గాలకీ కీమో కూడా ఇచ్చారు. 24 వారాలకి గడ్డలు తగ్గినవాళ్లు బయోసిమిలర్‌తో 69.6 శాతం, హెర్సెప్టిన్‌తో 64 శాతం. బయోసిమిలర్ మెరుగని దీనర్థం కాదు. తేడా ముందే పెట్టుకున్న హద్దు దాటలేదని అర్థం. 2017 డిసెంబర్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదించిన మొట్టమొదటి ట్రాస్టుజుమాబ్ బయోసిమిలర్ ఇదే.

ఓరుగల్లు_శ్రీను:
ఆ ట్రయల్ ఒళ్లంతా పాకిన క్యాన్సర్ మీద కదా. వీళ్ల పెద్దమ్మ గారిది సర్జరీ తర్వాత, మళ్లీ రాకుండా ఇచ్చే మందు. ఇంకో మాట. బయోకాన్ డేటా చూపించి, ట్రాస్టుజుమాబ్ అమ్మే ప్రతి కంపెనీనీ నమ్మమంటే ఎలా?

బాచుపల్లి_బయోటెక్:
దశ ఏదైనా మందు పట్టుకునేది అదే హెర్‌2ని. అందుకే ఒక దశలో పరీక్షించి మిగతావాటికీ అనుమతిస్తారు. దీనికి అమెరికా, యూరప్ రెండూ ఒప్పుకున్నాయి. రెండో మాటకి నేనూ మీతోనే ఉన్నాను. ప్రతి బ్రాండ్‌కీ దాని డేటా దానికి ఉండాల్సిందే. డాక్టర్ గారిని మొహమాటపడకుండా అడగండమ్మా: ఈ బ్రాండ్‌ని ఒరిజినల్‌తో పోల్చిన ట్రయల్ ఏది, ఎక్కడెక్కడ ఆమోదం ఉంది?

ఆంకో_ఫార్మసిస్ట్:
తల్లీ, ఒరిజినల్‌తో మొదలుపెట్టి, డబ్బులు చాలక సగంలో ఆపేసినవాళ్లని చూశాను. ఆ నష్టం మీరు వాదించుకుంటున్న తేడాకన్నా చాలా పెద్దది. పొలం అమ్మొద్దు. కోర్సు పూర్తి చేయించండి. ఏ బ్రాండైనా గుండె మీద ప్రభావం ఉండొచ్చు కాబట్టి సుమారు మూడు నెలలకోసారి 2డి ఎకో (గుండె స్కాన్) తప్పనిసరి. ప్రతి డోసుకీ బ్రాండ్ పేరు, బ్యాచ్ నంబరు కేస్ షీట్‌లో రాయించండి. వయల్ బయట కొంటే ఐస్‌బాక్స్‌లో తేవాలి, గడ్డకట్టకూడదు. ఏదైనా తేడా చేస్తే ముందు డాక్టర్‌కి చెప్పండి. తర్వాత మందుల దుష్ప్రభావాలు నమోదు చేసుకునే ఫార్మకోవిజిలెన్స్ హెల్ప్‌లైన్ 1800-180-3024కి ఫిర్యాదు చేయొచ్చు.

గుంటూరు_అమ్మాయి:
థాంక్స్ అక్కా. మధ్యలో ఆసుపత్రివాళ్లు బ్రాండ్ మారిస్తే?

ఓరుగల్లు_శ్రీను:
ఒప్పుకోవద్దు.

ఆంకో_ఫార్మసిస్ట్:
శ్రీను గారూ, బయోసిమిలర్ల మధ్య మార్చుకోవచ్చని 2022లో యూరప్ మందుల సంస్థ స్పష్టంగా చెప్పింది. స్టాక్ లేదని డోసు వాయిదా వేసుకోవడం కన్నా మారడమే నయం.

ఓరుగల్లు_శ్రీను:
యూరప్‌లో ఆమోదం పొందినవాటి గురించి అన్న మాట అది మేడమ్. ఇక్కడి కౌంటర్‌లో ఉన్న ప్రతి వయల్‌కీ వర్తించదు. డాక్టర్ సంతకం లేకుండా మార్చనివ్వొద్దమ్మా.