3 హార్ట్స్ మీద డబుల్: పెనాల్టీయా, గేమ్‌కి ఆహ్వానమా?

బ్రిడ్జ్ పేకాట వేలంలో నేను 1 స్పేడ్, ఎడమవైపు 2 హార్ట్స్, పార్ట్‌నర్ 2 స్పేడ్స్, కుడివైపు 3 హార్ట్స్. ఇప్పుడు నా డబుల్‌ని ఎలా తీసుకోవాలి? వాళ్ల బిడ్ ఓడుతుందని పందెం పెంచే పెనాల్టీగానా, మనం గేమ్‌కి (బోనస్ వచ్చే కాంట్రాక్ట్, ఇక్కడ 4 స్పేడ్స్) వెళ్దామా అని అడగడంగానా? 3 స్పేడ్స్‌కి ముందు ఇంకో బిడ్‌కి చోటు లేదు కాబట్టి డబుల్ గేమ్‌కి ఆహ్వానం, 3 స్పేడ్స్ అంటే ఉత్త పోటీ అని నా పక్షం. అదే వాళ్ల రంగు క్లబ్స్ అయితే 3 క్లబ్స్ మీద 3 డైమండ్స్, 3 హార్ట్స్ మిగిలే ఉంటాయి. అక్కడ డబుల్ పెనాల్టీయే.

చిక్కల్లా ఇలాంటి చేతితోనే: స్పేడ్స్ ఆసు, రాజు, 7, 4, 2, హార్ట్స్ రాణి, జాకీ, 10, 9, డైమండ్స్ ఆసు, 5, క్లబ్స్ 8, 4. పెయిర్స్‌లో (అవే చేతులు ఆడిన మిగతా జంటలతో స్కోరు పోల్చే పోటీ) వల్నరబుల్ (ఓడితే ఎక్కువ శిక్ష పడే స్థితిలోని) ప్రత్యర్థులు ఒక ట్రిక్ తగ్గితే డబుల్‌తో 200, అది లేకుంటే 100. మన 3 స్పేడ్స్‌కి వచ్చేది 140. డబుల్ ఆహ్వానమైతే ఆ 200 దక్కదు.

పెయిర్స్‌లో, వాళ్లు వల్నరబుల్ అయినప్పుడు మాత్రం పెనాల్టీగా ఆడేవాళ్లున్నారా? అలా ఆడితే గేమ్‌కి ఆహ్వానించదగిన 17 పాయింట్ల (ఆసుకి 4, రాజుకి 3, రాణికి 2, జాకీకి 1) చేతిని పార్ట్‌నర్‌కి ఎలా చెబుతున్నారు?