హైలక్స్‌కు లిఫ్ట్ వేయించాక ముందు టైరు ఒరుసుకుంటోంది: ఎక్కడ మొదలుపెట్టాలి?

కదిరి పిల్లోడు (బెంగళూరు)

అందరికీ నమస్కారం. నా బండి టొయోటా హైలక్స్. వారమంతా మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ మధ్యే తిరుగుతుంది, నెలకు రెండుసార్లు మాత్రం కదిరి దగ్గర ఉన్న మా పొలానికి వెళ్తుంది. పొలానికి ముందు ఒక వంక దాటాలి. వానాకాలంలో అక్కడ రాళ్ళు బండి అడుగుకు తగులుతున్నాయని రెండు నెలల క్రితం రెండు అంగుళాల లిఫ్ట్ వేయించాను, అంటే బండిని అంత ఎత్తు చేయించాను. ముందు స్ట్రట్ల మీద స్పేసర్లు పెట్టి, వెనుక కమాను కట్టకు ఒక పట్టీ అదనంగా చేర్చారు. కంపెనీ టైర్లు 265/60 ఆర్18. వాటి స్థానంలో, వేరే రిమ్ములతో కలిపి, 285/70 ఆర్17 వేయించాను. పాత రిమ్ము వెనుక ఆఫ్‌సెట్ (రిమ్ము నడిమి నుంచి బోల్టులు బిగించే ముఖం ఎన్ని మిల్లీమీటర్లు బయటివైపు ఉందో చెప్పే కొలత) 30 అని పోత పోసి ఉంది, కొత్తదాని మీద 0 అని ఉంది.

లిఫ్ట్ వేస్తే పెద్ద టైరుకు చోటు దానంతట అదే వస్తుందని వేసినవాళ్ళు చెప్పారు, నేనూ నమ్మాను. ఇప్పుడు మా అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లోకి దిగుతూ స్టీరింగును ఎడమకు పూర్తిగా తిప్పితే కుడివైపు నుంచి బర్రుమని శబ్దం వస్తోంది. వింత ఏమిటంటే, పొద్దున అదే మలుపులో పైకి ఎక్కేటప్పుడు ఆ శబ్దం రాదు. పొలం నుంచి వేరుశనగ బస్తాలు వేసుకుని వచ్చిన రోజున, స్పీడ్ బ్రేకరు మీద కొంచెం వంకరగా ఎక్కితే కూడా ఒకసారి తగిలింది. వేసినవాళ్ళను అడిగితే "ఇంకో అంగుళం లేపుదాం, సరిపోతుంది" అంటున్నారు. అది నిజంగా పరిష్కారమేనా? ఇంకొక మాట, దీనికి సంబంధం ఉందో లేదో తెలియదు గాని, చిక్కబళ్ళాపురం దాటాక హైవే మీద బండి మునుపటిలా నిటారుగా పోవడం లేదు, స్టీరింగును మాటిమాటికీ సర్దుకోవలసి వస్తోంది.

పాత డీజిల్ (పీణ్య, బెంగళూరు)

ఇంకో అంగుళం దయచేసి లేపించకండి. మీ ప్రశ్న చివర "సంబంధం ఉందో లేదో" అని చేర్చిన వాక్యంలోనే సగం జవాబు ఉంది, దాని దగ్గరికి తరువాత వస్తాను.

లిఫ్ట్ వల్ల బండి నిలబడి ఉన్నప్పుడు టైరుకూ ఫెండరుకూ మధ్య ఖాళీ పెరుగుతుంది, అంతవరకు వాళ్ళు చెప్పింది నిజమే. కానీ గుంటలో పడినప్పుడో, గట్టిగా బ్రేకు వేసినప్పుడో చక్రం పైకి వెళ్ళి చివరికి బంప్ స్టాప్ అనే రబ్బరు దిమ్మె దగ్గర ఆగుతుంది, ఆ ఆగే చోటును స్పేసరు మార్చదు. అందుచేత పాత టైరు ఎంత పైకి వెళ్ళేదో కొత్త టైరు కూడా అంతే వెళ్తుంది, కాకపోతే ఇప్పుడు అది పెద్దది. లెక్క చూడండి: 265/60 ఆర్18 వ్యాసం సుమారు 775 మిల్లీమీటర్లు, 285/70 ఆర్17 వ్యాసం సుమారు 831. అంటే ఇరుసు నుంచి అన్ని దిక్కులా 28 మిల్లీమీటర్లు పెరిగింది.

దానికంటే పెద్ద సంగతి మీ రిమ్ములు. ఆఫ్‌సెట్ 30 నుంచి 0కు వచ్చిందంటే చక్రం మొత్తం 30 మిల్లీమీటర్లు బయటికి జరిగింది. టైరు వెడల్పు పెరిగినందువల్ల మరో 10 కలుపుకుంటే బయటి అంచు 40 మిల్లీమీటర్లు బయటికి వచ్చింది. స్టీరింగు తిప్పినప్పుడు చక్రం ఏ కీలు మీద పక్కకు తిరుగుతుందో అది మాత్రం పాత చోటే ఉంది. మడతబందు కదపకుండా తలుపు వెడల్పు పెంచితే అంచు ఎంత ఎక్కువ చోటు తిరిగి వస్తుందో, మీ టైరు ఇప్పుడు ఫెండరు లోపల అలాగే తిరుగుతోంది. స్టీరింగు ఎడమకు తిప్పినప్పుడు కుడి టైరు వెనుక బయటి మూల మడ్‌ఫ్లాప్ వైపు, దాని వెనుక ఉన్న రేకు అతుకు వైపు వెళ్తుంది. మీకు శబ్దం వస్తున్నది అక్కడే అయి ఉండాలి.

దిగేటప్పుడే ఎందుకు వస్తోందంటారా? దిగుతూ మీరు బ్రేకు మీద కాలు ఉంచుతారు. బ్రేకు పట్టిన చక్రాన్ని నేల వెనక్కి నెడుతుంది, సస్పెన్షన్ కీళ్ళలోని రబ్బరు బుష్‌లు ఆ ఒత్తిడికి కాస్త లొంగుతాయి, దానికితోడు ముక్కు కిందికి వంగడంతో చక్రం ఫెండరులోకి లేస్తుంది. ఎక్కేటప్పుడు ఈ రెండూ ఉండవు. బస్తాలు వేసిన రోజున తగిలింది ముందు టైరేనా, వెనుకదా అన్నది మీరు చెప్పలేదు. అది తెలియాలి.

ఇక చేయవలసింది. ముందుగా ఎక్కడ తగులుతోందో కళ్ళతో చూడండి. మడ్‌ఫ్లాప్, ప్లాస్టిక్ లైనరు, లోపలివైపు స్టెబిలైజర్ బారు, చాసిస్, ఈ చోట్లన్నిటికీ సుద్దముక్క రుద్దండి. కుడి ముందు చక్రాన్నీ ఎడమ వెనుక చక్రాన్నీ గట్టి దిమ్మెల మీదికి ఎక్కించి, పక్కన ఒక మనిషిని నిలబెట్టుకుని, స్టీరింగును ఆ కొస నుంచి ఈ కొసకు మెల్లగా తిప్పండి. సుద్ద చెరిగిన చోటే మీ జబ్బు. శబ్దం విని ఊహించి కోతలు మొదలుపెట్టినవాళ్ళు తగలని చోట కోసి, తగిలే చోటును వదిలేయడం నేను చాలాసార్లు చూశాను.

రెండవది, అలైన్‌మెంట్ కాగితం తీసుకుని ఇక్కడ అంకెలు రాయండి. చక్రం పై, కింది బాల్ జాయింట్ల మీద పక్కకు తిరుగుతుంది; పైది కిందిదానికంటే ఎంత వెనక్కి వాలి ఉందో ఆ కోణమే కాస్టర్. ముందు సస్పెన్షన్‌ను ఇలా లేపితే పై బాల్ జాయింట్ ముందుకు జరిగి కాస్టర్ తగ్గుతుంది. కాస్టర్ తగ్గిన బండి స్టీరింగు తనంతట తాను నడిమికి రాదు, హైవే మీద ఊగిసలాడుతుంది. మీరు చెప్పింది అచ్చంగా ఇదే. చాలా దుకాణాల్లో టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో ఎంత తిరిగి ఉన్నాయో ఆ కొలత) ఒక్కటే సరిచేసి "అలైన్‌మెంట్ అయింది" అని పంపేస్తారు. హైలక్స్‌లో చక్రాన్ని చాసిస్‌కు కలిపే కింది ఆర్ముకు ముందొకటి, వెనుకొకటి క్యామ్ బోల్టులు ఉంటాయి. వాటితో కింది ఆర్మును ముందుకు జరిపితే కాస్టర్ తిరిగి వస్తుంది, చక్రం కూడా కొన్ని మిల్లీమీటర్లు ముందుకు, అంటే రేకు అతుకుకు దూరంగా జరుగుతుంది. ఒక పనికి రెండు లాభాలు. ఆ తరువాత స్టీరింగును కుడికి తిప్పి, కుడి టైరు ముందు మూల బంపరుకు తగలడం లేదని చూసుకోవాలి. కొందరు కాస్టర్ కోసం మార్కెట్లో దొరికే పై ఆర్ములు వేయించుకుంటారు. కాస్టర్ వరకు అవి మంచివే గాని చక్రం పై భాగాన్ని వెనక్కి లాగుతాయి కాబట్టి, మీ అవసరానికి ముందుగా క్యామ్ బోల్టుల వద్దే ప్రయత్నించాలి.

ఇంత చేశాక కూడా మిగిలితే మడ్‌ఫ్లాప్ తీసేయడం, లైనరును హీట్ గన్‌తో మెత్తబరచి వెనక్కి నొక్కి క్లిప్పు వేయడం. చివరగా రేకు అతుకును సుత్తితో మడవడం. ఏది చేసినా లైనరు విప్పి వెనుక వైరింగు ఎలా పోతోందో చూడకుండా వేడి పెట్టకండి.

అడయార్ నివాసి (చెన్నై)

పై సలహాలకు ఒక చేర్పు. రేకు అతుకును మడిచేవారు తరువాతి పనిని తేలిగ్గా తీసుకోవద్దు. నా బండికి నాలుగేళ్ళ క్రితం ఆ పని చేయించినప్పుడు పైన స్ప్రే పెయింటు కొట్టి పంపారు. సుత్తి దెబ్బకు అతుకులో ఉన్న సీలరు పగిలిందని అప్పుడు ఎవరూ చూడలేదు. సముద్రం పక్కనే పోయే ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద రోజూ తిరిగే బండి కాబట్టి రెండో వానాకాలం నాటికి కార్పెట్ కింద తడి కనిపించింది. కార్పెట్ లేపి చూస్తే స్క్రూడ్రైవరు మొన రేకులోకి దిగిపోయింది. మడిచాక బొత్తిగా లోహం కనబడేదాకా గీకి, ప్రైమరు వేసి, సీమ్ సీలరు పట్టించి, ఆపైన అండర్‌కోటింగ్ వేయించాలి. బెంగళూరులో ఉప్పుగాలి లేకపోయినా మీరు వంకలో నీళ్ళు దాటుతున్నారు కదా.

లిఫ్ట్ వేసిన బండిలో బ్రేకు గొట్టాలు, ఏబీఎస్ వైర్లు చక్రం కిందికి వేలాడినప్పుడు బిగుసుకుంటున్నాయేమో కూడా జాకీ మీద లేపి ఒకసారి చూడండి.

రూలు పుస్తకం (బెంగళూరు)

సాంకేతిక విషయాల్లో నాకు పాండిత్యం లేదు గాని, ఒక మాట ఎవరూ ఎత్తలేదు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు మొదట నిర్దేశించినదానికి భిన్నంగా, ఆర్‌సీలోని వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. ఈ సెక్షన్ మీద సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టమైన తీర్పు ఇచ్చింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఎ(4) ప్రకారం అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. ప్రమాదం జరిగినప్పుడు బీమా కంపెనీ కూడా ఈ మార్పుల గురించే మొదట అడుగుతుంది. మానమని చెప్పడం లేదు, తెలిసి చేయండి.

కదిరి పిల్లోడు

అందరికీ కృతజ్ఞతలు. శనివారం సుద్ద పరీక్ష చేశాను. పాత డీజిల్ గారు చెప్పినట్టే కుడి మడ్‌ఫ్లాప్ పైభాగంలోనూ, దాని లోపలి లైనరు మీదా, గోరు వెడల్పున నున్నగా మెరిసే గీత ఉంది. దాని మధ్యలో లైనరు క్లిప్పు తల సగం అరిగిపోయి ఉంది. ఎడమవైపు అదే చోట గీత ఉంది గాని సన్నగా ఉంది. చాసిస్ వైపు, స్టెబిలైజర్ బారు వైపు సుద్ద చెక్కుచెదరలేదు. బస్తాల రోజున తగిలింది కూడా ముందు టైరే అనిపిస్తోంది, వెనుక ఫెండరు లోపల ఎక్కడా గుర్తు లేదు.

పాత అలైన్‌మెంట్ కాగితం వెతికి చూస్తే కాస్టర్ ఎడమ 1.1 డిగ్రీలు, కుడి 0.4 అని రెండూ ఎర్ర అక్షరాల్లో ఉన్నాయి. కింద మాత్రం "ఓకే" అని ముద్ర వేసి ఉంది. ఆ కాగితాన్ని నేనే మడిచి డాష్‌బోర్డులో పెట్టుకున్నాను, ఒక్కసారి కూడా చదవలేదు.

ఒక సందేహం. చక్రం తిరిగే కోణమే తగ్గేలా స్టీరింగ్ ర్యాక్‌లో రింగులు వేస్తారని, దానితో తగలడం పూర్తిగా ఆగిపోతుందని ఒకాయన చెప్పారు. అది చేయించుకోవచ్చా?

పాత డీజిల్

కుడివైపు కాస్టర్ ఎక్కువ తగ్గింది, కుడివైపే ఎక్కువ ఒరుసుకుంటోంది, లెక్క కుదిరింది. రెండు వైపులా కాస్టర్ తేడా అర డిగ్రీ లోపు ఉండేలా, కంపెనీ చెప్పిన పరిధిలోకి తెమ్మని అడగండి. క్యామ్ బోల్టులు తుప్పుతో బిగుసుకుని ఉంటే ముందురోజే నూనె పట్టించి పెట్టాలి. తిరగడం లేదని వదిలేసేవాళ్ళ దగ్గర ఈ పని జరగదు.

ర్యాక్‌లో రింగులు నేను వేయను. హైలక్స్ తిరగడానికి అసలే 6.4 మీటర్ల వ్యాసార్ధం కావాలి. మీరు రోజూ తిరిగేది వైట్‌ఫీల్డ్ బేస్‌మెంట్లలో. ఇప్పుడు ఒకే పట్టులో తిరుగుతున్న మలుపుకు రెండుసార్లు వెనక్కీ ముందుకీ చేయవలసి వస్తుంది. రబ్బరు మిగిల్చి భుజాలు నొప్పి తెచ్చుకున్నట్టే.

కొత్త టైరుకు స్పీడోమీటరు కూడా తప్పు చూపిస్తుందని గుర్తుంచుకోండి. మునుపు 80 చూపిన వేగం వద్ద ఇప్పుడు నిజానికి సుమారు 86లో పోతుంటారు.

కదిరి పిల్లోడు

పని అయింది కాబట్టి రాస్తున్నాను. కాస్టర్ ఇప్పుడు ఎడమ 2.6, కుడి 2.4. కుడి వెనుక క్యామ్ బోల్టును కదపడానికే గంటన్నర పట్టింది. మడ్‌ఫ్లాపులు రెండూ తీసేసి, లైనర్లను వేడిచేసి వెనక్కి నొక్కించాను. లైనరు విప్పి చూస్తే రేకు అతుక్కూ టైరుకూ మధ్య చూపుడువేలు దూరేంత సందు ఉంది, అందువల్ల సుత్తి పని వద్దన్నాను. బంపరు వైపు, కుడికి పూర్తిగా తిప్పితే, చిటికెనవేలు మాత్రమే పడుతోంది. అక్కడ కూడా సుద్ద రుద్ది పది రోజులు తిరిగాను, చెరగలేదు.

బేస్‌మెంట్‌లో శబ్దం పోయింది. హైవే మీద స్టీరింగు వదిలితే నడిమికి వస్తోంది. మొన్న ఆదివారం ఆరు బస్తాలతో వంక దాటుతుంటే, కుడి చక్రం రాయి మీదికి ఎక్కి స్టీరింగు సగం తిరిగి ఉన్నప్పుడు, ఒక్కసారి మెత్తగా తగిలింది. ఆ ఒక్క చోటు కోసం రేకు మడిపించను. ఈ టైర్లు అరిగాక 265/70 ఆర్17కు దిగుతాను. అది సుమారు 803 మిల్లీమీటర్లు, అంటే వ్యాసార్ధంలో 14 తగ్గుతుంది. అలాగే ఆఫ్‌సెట్ 20 దగ్గర ఉన్న రిమ్ముల కోసం చూస్తున్నాను. మడ్‌ఫ్లాపులు లేకపోవడంతో తలుపుల మీద బురద పడుతోందని మా నాన్న గొడవ పెడుతున్నారు. పొట్టి మడ్‌ఫ్లాపులు ఎవరైనా వేయించి ఉంటే, తగలకుండా ఎంత వెనక్కి బిగించారో కొలత చెప్పగలరా?