సమస్యాపూరణం: ఎక్కువైన కొలఁది తక్కువయ్యె

మాంబళం మాస్టారు: చెన్నై పద్యమిత్రులారా, ఈ వారం ఆటవెలది. ఎక్కు–తక్కు ప్రాసయతి కుదిరిన పాదం. ధరలు, వయసు వద్దు. ఎంజైములు (జీవుల్లో రసాయన చర్యల్ని వేగిరపరిచే ప్రోటీన్లు), వాటికందే సబ్‌స్ట్రేటు (అవి పట్టి మార్చే పదార్థం) గాఢత మీదే పూరించాలి.

అడయారు విద్యార్థి:

చేరఁ జేరఁ బిండి జిహ్వపై నెంజైము
ఖాళి లేక యలసి కార్యవేగ
మంతకంత చూడ మాంద్యమందెను గదా
ఎక్కువైన కొలఁది తక్కువయ్యె

మాస్టారు: గణాలు, యతులు నిక్షేపం. విషయమే తేడా కొట్టింది బాబూ. ఖాళీ లేనంత మాత్రాన లాలాజలంలోని ఎమైలేజు అలసిపోదు, అదే జోరుతో పిండిపదార్థాన్ని విడగొడుతూనే ఉంటుంది. తగ్గేది వేగం కాదు, వేగంలో పెరుగుదల. గరిష్ఠ వేగంలో సగం ఇచ్చే గాఢతను కేఎమ్ అంటారు. గాఢత దానికి మూడింతలైతే వేగం 75 శాతం, తొమ్మిదింతలైతే 90. నూరు మాత్రం అందదు. దీపావళి ముందు టి. నగర్ బట్టల కొట్టు చూడు: బిల్లు కౌంటర్లన్నీ నిండాక బయట జనం రెట్టింపైనా గంటకు పడే బిల్లులు పెరగవు, అలాగని తగ్గవు.

విద్యార్థి: పెరుగుదలే తగ్గిందని సరిపెట్టుకోకూడదా మాస్టారూ?

మాస్టారు: ‘కార్యవేగము’ అని నువ్వే రాశాక ఎలా సరిపెట్టుకోను?

పెరంబూరు టీచరమ్మ:

పంచదార వచ్చి పట్టె నెంజైములఁ
ఖాళి చోటు లేదు కలియ వెదక
తీరికున్న వాటి తెగ చూడఁ జక్కెర
ఎక్కువైన కొలఁది తక్కువయ్యె

మాస్టారు: భేష్ అమ్మా! పెరిగింది చక్కెర, తగ్గింది పని లేని ఎంజైములు. విరోధం విడిపోయింది. 1913లో శాస్త్రవేత్తలు మైకేలిస్, మెంటెన్ ఎంజైము వేగానికి తమ సమీకరణం కట్టింది చక్కెరను గ్లూకోజు, ఫ్రక్టోజుగా విడగొట్టే ఇన్వర్టేజు అనే ఎంజైము మీదే, కాబట్టి పంచదార సరైన చోటే పడింది. ‘తీరికున్న వాటి తెగ’ నాకు భలే నచ్చింది. రెండో పాదం మాత్రం తొందరపడింది. అప్పుడే ఖాళీ లేదంటే, మూడో పాదంలో తగ్గడానికి ఏం మిగిలింది?

వేళచ్చేరి కుర్రాడు: వేగమే నిజంగా తగ్గే సందర్భం కూడా ఉంది. అడయారు తమ్ముడి తరఫున ఇది.

పాకమందు నీస్టు పని వేగమది చూడ
మొదటఁ బెరిగి నిలిచి మోడువారె
చక్కెరొకటి కాక జంటగా దూరిన
ఎక్కువైన కొలఁది తక్కువయ్యె

టీచరమ్మ: అవును, ముదురు పాకంలో ఈస్టు ఇన్వర్టేజు మందగిస్తుంది. అయితే ఒకే ఎంజైములో రెండు చక్కెర అణువులు జంటగా దూరడం ఒక్కటే కారణం కాదు నాయనా. ఈ చర్యకు నీరు కూడా ముడిసరుకే, చిక్కటి పాకంలో అదే కరువు.

మాస్టారు: ‘మొదటఁ బెరిగి నిలిచి మోడువారె’లో గ్రాఫు గీత మొత్తం దిగింది. కానీ ‘చక్కెరొకటి’ ఏమిటి? లెక్కపెట్టాల్సింది అణువుల్ని. ‘చక్కెరణువు రెండు జంటగా దూరిన’ అని దిద్దుకో, గణమూ చెడదు, యతీ చెడదు.