పాత విండోస్ 7 కంప్యూటర్‌కి ఐపీ అడ్రస్ రావట్లేదు, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. మా నాన్నగారి పాత డెస్క్‌టాప్‌లో మొన్న ఉరుములకి కరెంటు పోయి వచ్చినప్పటి నుంచి నెట్ రావట్లేదు. గడియారం పక్కన పసుపు త్రికోణం. ఐపీకాన్ఫిగ్ (నెట్‌వర్క్ వివరాలు చూపే కమాండ్) కొడితే 169.254తో మొదలయ్యే అడ్రస్ చూపిస్తోంది. అంటే రౌటర్ నుంచి డీహెచ్‌సీపీ (ఐపీ అడ్రస్ దానంతటదే ఇచ్చే ఏర్పాటు) అందట్లేదనేగా? అదే కేబుల్ లాప్‌టాప్‌కి పెడితే చక్కగా పనిచేస్తోంది. డెస్క్‌టాప్‌లో 127.0.0.1కి, అంటే దానికదే, పింగ్ (జవాబు వస్తుందో లేదో చూసే పరీక్ష) వెళ్తోంది. నెట్‌ష్ కమాండ్‌తో విన్‌సాక్, టీసీపీ/ఐపీ (విండోస్‌లో నెట్‌వర్క్‌ని నడిపే భాగాలు) రెండూ రీసెట్ చేసి రీస్టార్ట్ చేశాను, అదే తంతు. చేత్తో 192.168.1.50 ఇచ్చి చూసినా 192.168.1.1లో ఉన్న రౌటర్ పలకలేదు. లాన్ పోర్టు దగ్గర పచ్చ లైటు మాత్రం మిణుకుమిణుకుమంటూనే ఉంది, అందుకే పోర్టు పోయిందంటే నమ్మబుద్ధి కావట్లేదు. డ్రైవర్ తీసేసి మళ్లీ వేయాలా, లేక విడిగా లాన్ కార్డు కొనేయడమే నయమా? నాన్నగారు పేపర్ చదివేది అందులోనే, పొద్దున్నుంచీ నా చుట్టూ తిరుగుతున్నారు.